బోడివేళ్ల పిల్ల

మొన్న ప్రొద్దుటూరులో మా కోడలు రంగురంగుల కాగితాల కట్ట ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మనవరాలి పది వేళ్లూ గాజుపలక ఉన్న చిన్న పెట్టె మీద ఆనించి, ఆ గీతలను బట్టి పిల్లకు లెక్కలు ఎంత వస్తాయో, పాట ఎంత వస్తుందో ఎవరో తేల్చి ఇచ్చారట. రెండు కాగితాలు తిప్పేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఈ పరీక్ష నేను చిన్నప్పుడే తప్పాను. తప్పి కూడా గెలిచాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పులివెందులకు ఇవతల, వేముల దగ్గర పల్లె మాది. ఎండాకాలం వచ్చిందంటే ఇంటి నడవ నిండా విత్తనం చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, గుట్టగా పోసి ఉండేవి; వాటి మట్టివాసన, దొడ్లో గొర్రెల వాసన, పెరట్లో మాగేసిన మామిడిపండ్ల వాసన కలిసిపోయి, మధ్యాహ్నం వడగాలికి ఇల్లంతా తిరుగుతుండేది. ఆ ఇంటికి పెద్ద మా జేజి, నాన్నను కన్న తల్లి. ఏ చేలో ఏం వేయాలో ఆమే చెప్పేది. ఊళ్లో గట్టు తగాదా వస్తే పెద్దమనుషులు వచ్చి ఆమె ముందు కూచునేవాళ్లు.

ఒక ఉగాదికి జోస్యం చెప్పే స్వామి ఒకాయన మా అరుగు మీద కూచుని, కడుపునిండా ఓళిగలు తిని, నెయ్యి వాసన పోని చేత్తోనే పిల్లల వేళ్లు వెలుతురుకు తిప్పి చూశాడు. వేలికొనలో గీతలు గుండ్రంగా తిరిగితే చక్రం, ఒక పక్కకు వాలితే శంఖం. తెలివికి గుర్తు చక్రం. మా అన్నకు పది వేళ్లకూ చక్రాలే తేలాయి. అట్లాంటి చేయి తాలూకాకు ఒకటి కూడా ఉండదని, వీడు కలెక్టరు కాకపోతే తాను పంచాంగం కట్టిపెడతానని స్వామి అన్నాడు. తర్వాత నా చేయి పట్టుకున్నాడు. నాకు చక్రమూ లేదు, శంఖమూ లేదు. గీతలన్నీ ఈ అంచున లేచి ఆ అంచున దిగిపోతాయి, చిన్న గుట్టల మాదిరి. అదీ అరుదైన చేయేనని చాలా ఏళ్లకు తెలిసింది. ఆయన మాత్రం, ఇవి బోడివేళ్లు, సరస్వతి నిలవడానికి చోటు లేదని చేయి వదిలేశాడు. ఆ పొద్దు నుంచి ఊరందరికీ నేను బోడివేళ్ల పిల్లను.

అన్న బతుకు రాజభోగమైంది. వచ్చిన చుట్టమల్లా వాడి చేయి చూసి, వాడి చేతిలో బెల్లం ముక్క పెట్టి పోయేవాళ్లు. నాకంటే ఏడాది పెద్దవాడే గాని, ఒక తరగతిలో రెండేళ్లు కూచున్నందున మేమిద్దరం ఒకేసారి అయిదు పూర్తి చేశాం. నాకు ఎక్కాలు మంచినీళ్లప్రాయం. వాడు ఏడో ఎక్కంలోనే దారి తప్పేవాడు. పైచదువుకు పులివెందులలో మేనత్త ఇంట్లో ఉండాలి. అక్కడ చోటు ఒక్క బిడ్డకే. చక్రాలున్నవాడే పోతాడని జేజి తేల్చేసింది, జేజి మాటకు నాన్న ఎదురు చెప్పే మనిషి కాదు. నేను గొడ్లపాకలో కూచుని ఏడ్చాను. బడి లేని జీవితం ఎట్లా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా నాకు చేతకాలేదు.

రోహిణి ఎండల్లో కాయలు వొలవడం మొదలైంది. తొలకరికి ముందే విత్తనం సిద్ధం కావాలి కనుక కలెక్టరు గారికి కూడా మినహాయింపు లేదు. కాయల మీద నీళ్లు చిలకరించి, కాయ కొన దగ్గర బొటనవేలితో, చూపుడువేలితో నొక్కితే టప్పుమని విచ్చుకునేది. పొద్దంతా అదే పని. వేళ్లు నొప్పెడితే మధ్యవేలు సాయం తెచ్చుకునేవాళ్లం. మధ్యాహ్నం మజ్జిగలో కలిపిన చద్దిసంగటి తాగి మళ్లీ కూచునేవాళ్లం. కొన్నాళ్లకు వేలికొనలు నున్నగా, ఎర్రగా తేలాయి. ఒక సాయంత్రం అన్న మంటకు ఓర్చుకోలేక వేళ్లు ఊదుకుంటుంటే చూశాను. కాయలు నొక్కిన వేళ్లలో ఒక్క చక్రమూ లేదు.

వాణ్ని చేయి పట్టి లాక్కెళ్లి జేజి ముందు నిలబెట్టాను.

"జేజీ, అన్న చక్రాలు యాడ పోయినాయి?"

జేజి చూసి, "అరిగిపోయింటాయిలే మే. మళ్లా వస్తాయి" అంది.

"అయితే అవి వచ్చేదాకా అన్నకు తెలివి ఉండదా?"

కాయలు వొలిచే ఆడవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి. నా నోరు మాత్రం ఆగలేదు. "నీ చేతులు చూపీ జేజీ" అన్నాను.

ఆ ఇంట్లో ఆమె చేతులు చూపించమని అడిగినవాళ్లు లేరు. స్వామి కూడా అడగలేదు. జేజి మెల్లగా అరచేతులు విప్పింది. ఏళ్ల తరబడి కాయలు వొలిచి, కొడవలి పట్టి, పేడ అలికిన ఆ వేళ్లు అరిగిన సన్నికల్లులా నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. ఆమె వాటిని చాలాసేపు చూసుకుని, నాన్న వైపు తిరిగింది.

"ఒరే, ఈ పాపను పంపీ. ఈ పొద్దు నన్నే అడగతాండాది, రేపు అయ్యవార్లను గూడా అడుగుతాది."

అందరికంటే ఎక్కువ సంతోషపడింది అన్న. చేతిలో ఉన్న కాయలు గుట్ట మీద పారేసి గొర్రెపిల్లల దగ్గరికి పరుగెత్తాడు. అన్న పెద్దయ్యాక, గొర్రెలు కొనేవాళ్లు పెండ్లిమర్రి నుంచి కూడా ఆయన సలహా కోసం వచ్చేవాళ్లు. అదంతా చక్రాల మహిమేనని జేజి కడదాకా అంటూనే ఉండేది.

బడిలో చేర్చడానికి జేజి తానే వచ్చింది. నాన్నను సంతకం పెట్టనివ్వలేదు. సిరాలో బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కితే నల్లటి మచ్చ పడింది. గీతలు పడలేదమ్మా, ఇంకోసారి వేయమని హెడ్మాస్టరు అన్నాడు. ఇంకోసారీ మచ్చే పడింది.

"గీతలు లేవప్పా నాకు. మనిషిని ఈడ నిలబడుండా గదా, రాసుకో" అంది జేజి.

ఆయన నా పేరు రాసుకున్నాడు. ఆ క్షణం ఆమె పక్కన నిలబడినంత గర్వంగా నేను మళ్లీ ఎక్కడా నిలబడలేదు.

ఇప్పుడు మా వైపు కాయలు మిషన్లే వొలుస్తాయి. నడవలో గుట్టలు లేవు, నీళ్లు చిలకరించిన మట్టివాసన లేదు, జేజి చేతుల్లాంటి చేతులు వెతికినా దొరకవు. నేను జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో రిటైరయ్యేదాకా లెక్కలు చెప్పాను. పది చక్రాల పిల్లలూ వచ్చి ఉంటారు, బోడివేళ్ల పిల్లలూ వచ్చి ఉంటారు. ఏ ఒక్కరి చేయీ తిప్పి చూడలేదు.