ముదీర్ గారి ఓటు

ఉత్తరం రాసిస్తానని ఆయనకు మాట ఇచ్చి పన్నెండేళ్లయింది. రాయలేదు. మొన్న శుక్రవారం ఆయన పోయారని ఆయన కూతురు అమెరికా నుంచి మెసేజ్ పెట్టింది. సౌదీలోని రాబిగ్‌లో నేను స్టోర్ కీపర్‌గా ఉన్న కాంట్రాక్టు కంపెనీకి ఆయన తొమ్మిదేళ్లు మేనేజరు. ఇక్కడి అరబ్బీ అలవాటు కొద్దీ మేనేజరును అందరం ముదీర్ అనేవాళ్లం.

ప్రజాస్వామ్యం గురించి లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. టీవీల్లో గొంతు చించుకునే మేధావులనూ విన్నాను. ఓటంటే ఏమిటో తెలిసింది మాత్రం నట్లూ బోల్టుల మధ్య కూర్చుని ఆయన చెప్పినప్పుడే. మధ్యాహ్నం నమాజుకు స్టోరు మూసే అరగంటలో నా దగ్గరకు వచ్చి సులేమానీ చాయ్ తాగేవారు. ఒకరోజు ప్యాకింగ్ కాగితం వెనక అమెరికాలోని తన ఊరు గీశారు. చాలా చిన్న ఊరు. మధ్యలో రైలు పట్టాలు, అటు గుట్ట, ఇటు కాగితం మిల్లుకు పోయే రోడ్డు.

"గుట్ట మీద తాత ఏ పార్టీకి వేస్తే మనవడూ దానికే. మిల్లు రోడ్డు మాది. మిల్లు నడిచినన్నాళ్లు ఒక పార్టీ. మూతపడ్డాక వీధి వీధంతా రెండోదానికి తిరిగింది. ఇష్టంతో కాదు, కోపంతో."

అక్కడ ఎవరి పార్టీ బోర్డు వాళ్లు ఇంటి ముందు గడ్డిలో పాతుకుంటారట. ఒక టీచరమ్మా ఆమె భర్తా ఒకే గడ్డిలో చెరో పార్టీ బోర్డు పాతారట.

"మరి మీ ఇంటి ముందు?" అన్నాను.

"పిట్టల గూడు."

ఊరంతా ఎటు మొగ్గుతుందో ఇల్లిల్లూ చెప్పిన మనిషి, తాను ఎటో మాత్రం భార్యకు కూడా చెప్పలేదు. "ఎవరికి వేశావని అడక్కు. వేశావా అని అడుగు" అనేవారు. అక్కడ ఎవరు వేశారో జాబితాలో గుర్తు పెడతారు, అది ఎవరైనా చూడొచ్చు. ఎవరికి వేశారన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

"మీ ఊళ్లో నువ్వెటు?" అని ఒకసారి నన్ను అడిగారు.

"లిస్టులో నా పేరే లేదు సార్. ఊళ్లో ఉండటం లేదని తీసేశారు."

ఆ ఏడు ఆయన అమెరికాకు పోస్టులో పంపే తన ఓటు కవరు తెచ్చి, గమ్ము సీసా నా ముందుకు జరిపి, "పై కవరు నువ్వు అంటించు" అన్నారు. అప్పటినుంచి ప్రతిసారీ నేనే అంటించాను. నా వేలికి సిరా అంటి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ గమ్ము తడే నాకు మిగిలింది.

తర్వాత వాళ్ల ఊరి బడి ఉంచాలా, మూసి పక్క ఊరి బడిలో కలపాలా అని ఓటు పెట్టారు. ఆయన చదివిన బడి. ఈసారి కవరు ఇచ్చేటప్పుడు రెండుసార్లు చెప్పారు, ఆలస్యం కాకూడదని. మా ఆఫీసులో ఇకామా కాగితాలు, అంటే మమ్మల్ని ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్లు, చూసే గుమాస్తా మా జగిత్యాల వైపువాడే. ఆ పని మీద వారం వారం జిద్దా వెళ్లేవాడు. అక్కడ కొరియర్‌లో వెయ్యమని అతనికి ఇచ్చాను. మూడు వారాల తర్వాత కవరు అతని కారు సీటు కింద దొరికింది.

"ఏందిది?" అన్నాను.

"యాదికి లేకపాయె అన్నా. గదొక్క ఓటేనాయె. ఆయన ఓటు కోసం అమెరికా ఆగుతదా? మాఫీ ముష్కిల్, ఏం గాదు."

మూడు ఓట్ల తేడాతో బడి మూతపడింది. ఆయన ఓటు పడినా మూతపడేదే. కాని సెలవుకు ఊరికి వెళితే సొంత వీధివాళ్లే మొహం తిప్పుకున్నారట. జాబితాలో ఆయన పేరు పక్కన ఖాళీ ఉంది మరి. సౌదీ జీతం తింటూ బడిని మరిచాడన్నారట. తిరిగొచ్చాక, "నేను కవరు ఏ రోజు ఇచ్చానో ఒక ఉత్తరం రాసివ్వు. మా వీధిలో చూపిస్తాను" అన్నారు.

"రాస్తాను సార్" అన్నాను.

గుమాస్తా చెవిన పడింది. నవ్వుతూ వచ్చాడు. "రాయి అన్నా, రాయి. నీ ఇకామా కాయితం నా టేబుల్ మీదనే ఉన్నది మరి."

రాయలేదు. ముదీర్ ఇంకోసారి అడిగారు. తర్వాత అడగలేదు. చాయ్‌కి మాత్రం వెళ్లిపోయేదాకా వస్తూనే ఉన్నారు.

ఆయన గీసిన వీధుల్లో కళ్లు మూసుకుని నడవగలను. గుట్ట ఎక్కేటప్పుడు ఎడమ చేతి పక్క మూడో ఇల్లు ఎటు వేస్తుందో ఇప్పటికీ చెప్పగలను. చెబితే వినేవాళ్లే లేరు.

అంత్యక్రియల గురించి కూతురు రాసింది. గుట్ట వైపువాళ్లు వచ్చారట. మిల్లు రోడ్డు నుంచి ఒక్కరూ రాలేదట.

నా ఇకామా ఇప్పటికీ ఆ టేబుల్ మీదికే వెళ్తుంది. అయినా నిన్న కూర్చుని ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. కవరు ఎప్పుడు నా చేతికొచ్చిందో, ఎవరి చేతికి ఇచ్చానో, సీటు కింద ఎన్నాళ్లు పడి ఉందో రాశాను. భయపడి పన్నెండేళ్లు నోరు మూసుకున్నది నేనని కూడా రాశాను. మిల్లు రోడ్డులో ప్రతి ఇంటికీ ఒక కాపీ ఇవ్వమని ఆయన కూతురికి పంపాను. నేనెన్నడూ చూడని ఆ వీధిలో ఎవరో ఒక ముసలాయన గుమ్మంలో నిలబడి, కళ్లజోడు సర్దుకుని, పలకడం రాని ఒక పేరు దగ్గర ఆగుతాడు. ఆగాలనే పూర్తిగా రాశాను. నా పిరికితనం నాది. ముదీర్ పేరు పక్కన ఆ గుర్తు పడకుండా చేసినవాడు రాజలింగం.