రాకుమారుడి గొంతు

డబ్బింగ్ గదిలో అడుగు పెట్టాలంటేనే అతనికి రోత. కిటికీ అన్నది లేని గది. గోడలకు అంటించిన స్పాంజి ఏ కాలం నాటిదో, వచ్చినవాళ్ల చెమటంతా పీల్చుకుని ముక్కిపోయిన కంపు కొడుతుంది. మైకు ముందు కట్టిన గుడ్డ మీద ఎంతమంది తుంపర్లు పడ్డాయో దేవుడికే తెలియాలి. ఆ గుడ్డకు బెత్తెడు దూరంలో మూతి పెట్టి, ఆరేళ్లుగా ఒకటే కేక: "దేవీ! ఎక్కడున్నావు దేవీ!"

సీరియల్లో రాకుమారుడికి గొంతు ఇతనిదే. తెర మీది కండలు ఇంకెవడివో. ఆ రాకుమారుడు మనసిచ్చిన రాకుమారిని మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. దాంతో వాడికి దేవుడి మీద నమ్మకం పోయి, కత్తి ఏట్లో పారేసి, పిల్లనూ నమ్మకాన్నీ వెతుక్కుంటూ అడవులు పట్టాడు. నాలుగు వందల పన్నెండు ఎపిసోడ్లయినా రెండిట్లో ఒక్కటీ దొరకలేదు. దొరికితే ప్రకటనలు ఎవరిస్తారు మరి! స్టూడియోలో ఇతన్నీ రాకుమారుడనే పిలుస్తారు. బట్టతల, బానపొట్ట చూసి పెట్టిన పేరు. అతనికి ఆ పిలుపు వింటే ఒళ్లు మండేది.

ఇంటి సంగతి అంతకన్నా రోత. భార్యది కూడా ఇదే పని, పిల్లల బొమ్మల సినిమాలకు గొంతిచ్చేది. ఇతని సీరియల్ మాత్రం ఏనాడూ చూడలేదు. "రోజంతా ఇంట్లో వింటున్నది చాలదా తల్లీ!" అనేది. ఇతగాడు మందు మానేశానని ఒట్లు పెడుతూ చెప్పుల బీరువా వెనక సీసా దాచేవాడు. పట్టుబడ్డప్పుడల్లా ఆమె చేతులు పట్టుకుని నాలుగు మాటలు చెప్పేవాడు, ఆమె కరిగిపోయేది. మూడోసారి సీసా దొరికినప్పుడు మాత్రం ఆ నాలుగు మాటలూ వినకుండా, పెట్టె సర్దుకుని అక్కగారింటికి వెళ్లిపోయింది. ఎనిమిది నెలలైంది. ఈసారి అతను నిజంగానే మానేశాడు. నిజం చెబుతున్నానని ఆమె ఒక్కసారి నమ్మితే చాలనుకున్నాడు. నమ్మించడం ఎలాగో తెలియలేదు.

ఇంతలో రాకుమారికి గొంతిచ్చే ఆవిడ మానేసింది. కంపెనీవాళ్లు అతని భార్యనే పిలిచారు. "పొద్దున నేను చెప్తాను, మధ్యాహ్నం ఆయన చెప్పుకుంటాడు. మొహాలు చూసుకునే పని పెట్టొద్దు" అని ఆమె ఒప్పుకుంది. ఈ పనిలో ఇద్దరు ఒక మైకు ముందు నిలబడరు. ఎవరికి వారు, అవతలివాళ్ల మాటలు చెవుల్లో పెట్టుకుని చెబుతారు. అలా రోజూ మధ్యాహ్నం పెళ్లాం గొంతు అతని చెవిలో పలికేది, వేరెవడి పెళ్లాంలాగో.

గొంతు మారింది కనుక, రాకుమారుడు తలుచుకునే పాత సీన్లలో రాకుమారి మాటలు కూడా మళ్లీ రికార్డు చేయాల్సి వచ్చింది. అవి అతను వింటుంటే ఒకచోట, నవ్వాల్సిన చోట, ఆమె వెక్కిళ్లు పెట్టి ఏడవడం వినిపించింది.

"ఇదేంటి?" అన్నాడు సౌండు ఇంజనీరుతో.

"పాపం, నీ డైలాగు వినగానే ఏడ్చేసింది అన్నా. మళ్లీ తీద్దామంటే తన వల్ల కాదంది."

తన గొంతు విని ఏడ్చిందంటే ఇంకా ఆశ ఉన్నట్టే కదా! ఉన్నపళాన బస్సెక్కాడు.

తలుపు తీసింది వదిన. "ఓహో, తమరా! గుర్రం ఎక్కడ కట్టేసొచ్చారు మరిదిగారూ?" అని దారివ్వకుండానే లోపలికి కేకేసింది. భార్య చేతిలో తడి బట్టతో వచ్చింది.

"ఏడ్చావట," అన్నాడు.

"ఏడ్చాను."

"నాకోసమేనా?"

ఆమె మొహం, పాలలో పడ్డ బల్లిని చూసినట్టు అయింది. "'నువ్వు లేకపోతే నాకు దేవుడూ లేడు, దిక్కూ లేదు. నీ చేతుల్లో ఉన్నంతసేపే నేను మనిషిని.' ఎప్పుడన్నావో గుర్తుందా?"

గుర్తులేకేం! మొదటిసారి సీసా దొరికిన రోజు, వంటింట్లో.

"ఆ మాట పట్టుకునే కదయ్యా ఇన్నాళ్లు నీతో కాపురం చేశాను! అక్క వద్దంటే అక్కతోనే పోట్లాడాను. మొన్న అదే మాట నా చెవిలో పడింది. నలభై ఆరో ఎపిసోడ్. అక్షరం తేడా లేదు. రెండోసారి ఏడుస్తూ చెప్పావే, అది అరవై మూడు. ఎవడో రాసిచ్చిన ముక్కలు తెచ్చి నా మొహాన కొట్టావు. నువ్వు తాగినప్పుడు కోపమొచ్చింది, అంతే. ఇప్పుడు తలుచుకుంటే డోకొస్తోంది. ఛీ!"

అతను కావాలని చేసింది కాదు. రోజుకు పది గంటలు రాకుమారుడి మాటలు నమిలినవాడికి, ప్రాణం మీదికొస్తే అవే నోటికొచ్చాయి. ఆ సంగతి అప్పుడు అతనికే తెలియలేదు. తెలిశాక తన నాలుక మీద తనకే అసహ్యం పుట్టింది. చాలాసేపు వెతుక్కుంటే, ఎవడూ రాయని మాట ఒకటి దొరికింది.

"నిజంగా మందు మానేశాను," అన్నాడు.

"ఇది ఎన్నో ఎపిసోడ్‌లోది?" అని అడిగింది ఆమె. వదిన తలుపేసింది.

నెల తిరక్కుండానే కంపెనీవాళ్లకు సీరియల్ మీద విసుగు పుట్టి, రాకుమారుణ్ణీ రాకుమారినీ కలిపేశారు. చివరి సీను. అతను హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. పొద్దున ఆమె చెప్పి వెళ్లిన మాట మెల్లగా, గుండెలోంచి వచ్చినట్టు పలికింది: "నేను నిన్ను నమ్ముతున్నాను. పద, ఇంటికి పోదాం."

మళ్లీ వేయమన్నాడు. మూడుసార్లు విన్నాడు. నాలుగోసారి తన డైలాగు గబగబా చెప్పేసి, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆవిడ భలే చెప్పింది కదన్నా?" అన్నాడు ఇంజనీరు.

"చాలా బాగా చెప్పింది," అన్నాడు అతను. "రాసిన కాగితం చేతిలో లేకపోతే, నేనూ నమ్మేసేవాణ్ణి."