పెద్దత్త దగ్గు

మొన్న మధ్యాహ్నం మా పక్క ఫ్లాటు సుజాత గారు బాల్కనీ కుండీలోంచి ఒక వామాకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు. పచ్చిగా, ఘాటుగా తగిలిన ఆ వాసనకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ అదేం గమనించకుండా ఫోనులో వచ్చినదేదో చదివి వినిపించారు.

"దగ్గుకీ, ఆయాసానికీ ఇదొక్కటి చాలటండి. డాక్టరుతో పనే లేదట. మన పెద్దవాళ్ళంతా ఇలాగే బతికారట."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎలా బతికారో, ఎలా పోయారో నేను చూశాను.

రావులపాలెం పక్క పల్లెలో మా ఇంటి వెనక, అంట్లు తోమే గట్టు పక్కన, గిన్నెలు కడిగిన నీళ్ళతోనే గుబురుగా పెరిగిన వామాకు మొక్క ఉండేది. దాన్ని నాటింది పెద్దత్త, అంటే మా నాన్నగారి అక్కయ్య. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ఇక మా పొయ్యి దగ్గరే ఉండిపోయిన మనిషి. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలి మా కాలువకి గోదావరి వరద ఎర్రనీళ్ళు వచ్చి, అరటితోటల మీద ముసురు పట్టిందంటే చాలు, ఆ మందపాటి నూగు ఆకుల్ని శనగపిండిలో ముంచి బజ్జీలు వేసేది. మేం తొక్కుడుబిళ్ళ ఆట మధ్యలో వదిలేసి, బురద కాళ్ళతోనే వంటింట్లోకి దూరి, నోరు కాలుతున్నా ఊదుకుంటూ తినేవాళ్ళం. అట్లతద్దినాడు అట్లు ఎక్కువ తిని కడుపు ఉబ్బరించిందని ఏడిస్తే, రెండాకులు ఉప్పురాయితో నమలమనేది. జ్వరం తగ్గి నోటికి ఏదీ సయించనప్పుడు ఆకుల్ని నేతిలో మగ్గించి పెరుగుపచ్చడి చేసి పెట్టేది. దగ్గితే ఆకుని నిప్పు సెగకి వాడ్చి, అరచేతిలో పిండి, ఆ రసంలో తేనె కలిపి నాకించేది.

వీధిలో తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని మా పెరటి గుమ్మంలోకి వచ్చేవారు. పెద్దత్త ఎవరినీ కాదనేది కాదు కానీ, ఆకు చేతిలో పెడుతూ ప్రతి ఒక్కరికీ ఒక మాట చెప్పేది.

"మూడు రోజులు చూడమ్మా. తగ్గకపోతే మళ్ళీ నా దగ్గరికి రాకు, డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళు. ఆకు ఆకే, మందు మందే."

ఈ మాట మాత్రం ఏ ఫోనులోకీ ఎక్కదు.

నాకు పదేళ్ళప్పుడు ఎర్రనీళ్ళతో పాటే పెద్దత్తకి దగ్గు వచ్చింది. నాట్లు పడుతున్న రోజులు. కూలీలకి కూడా మా ఇంటినుంచే అన్నం వెళ్ళాలి కాబట్టి, తడి కట్టెల పొగలో కూర్చుని దగ్గుతూనే వండేది. మూడు రోజులు కాదు, మూడు వారాలు దాటింది. దగ్గొచ్చినప్పుడల్లా అన్నం మీద తుంపర పడకుండా మొహం గోడవైపు తిప్పుకునేది. అందరూ ఆ అన్నమే తిన్నారు. ఆ దగ్గు ఎవరికీ వినపడలేదు. వినపడినవాళ్ళు నవ్వారు. "ఊరందరికీ వైద్యం చేసేదానివి, నీకు మేం చెప్పాలా?" అంది మా మామ్మ, కన్నతల్లి అయ్యుండీ.

అదే నెలలో మా తమ్ముడు రెండురోజులు దగ్గితే నాన్నగారు పనులు మానుకుని వాణ్ణి బస్సులో రాజమండ్రి తీసుకెళ్ళి చూపించుకొచ్చారు. ఆ సాయంత్రం ఆయనకి అన్నం వడ్డిస్తూ పెద్దత్త మెల్లగా అడిగింది.

"తమ్ముడూ, ఓసారి నన్నూ చూపించకూడదూ?"

"కోతలవ్వనీ అక్కయ్యా" అన్నారు నాన్నగారు, తల ఎత్తకుండానే.

ఆమె తనకోసం నోరు తెరిచి ఒకటి అడగడం నేను విన్నది అదొక్కసారే. మరునాడు నేనే ఆకులు వాడ్చి, చేతులు కాల్చుకుని, రసం పిండి ఇచ్చాను. తాగి, నా బుగ్గ నిమిరి, "నీ చేతిలో తియ్యగా ఉందే" అంది. అది తన జబ్బుకి చాలదని ఆమెకి తెలుసు. నాకు తెలియదు. పక్కనున్న పెద్దవాళ్ళకి తెలియకపోవడమేమిటి?

కార్తీకమాసంలో ఒక ఉదయం పొయ్యి ముందే ఒరిగిపోయింది. పైటచెంగు నిండా రక్తం. అప్పటికి కోతలు ఇంకా మొదలవలేదు. అయినా ఆరోజు బండి దొరికింది, మనుషులు దొరికారు, ఆసుపత్రికి దారీ దొరికింది. పట్టుకున్న నా చెయ్యి ఆమె వదల్లేదు కాబట్టి నేనూ వెళ్ళాను. ఎన్నాళ్ళనుంచి ఈ దగ్గు అని డాక్టరు గారు అడిగితే మా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎర్రనీళ్ళు వచ్చినప్పట్నుంచండి" అన్నాను నేను.

ఆయన నాన్నగారి వైపు తిరిగి, "క్షయండి. మందులకి తగ్గే జబ్బే. అప్పుడే తేవాల్సింది" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ధనుర్మాసం వచ్చాక, ముగ్గుల రోజుల్లో, ఆమె పోయింది. పరామర్శకి వచ్చినవాళ్ళు "ఎంత చల్లని చెయ్యి!" అంటూ కళ్ళొత్తుకున్నారు. వెళ్తూ వెళ్తూ పెరట్లోకి నడిచి తలో కొమ్మా విరుచుకుపోయారు. కొమ్మ గుచ్చితే బతికే మొక్క కదా! పదకొండో రోజుకి అక్కడ నాలుగు మోడులు మిగిలాయి. నాన్నగారు వాటి ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన ఏడ్చారేమో నేను చూడలేదు. నేను ఆయన్ని పూర్తిగా క్షమించలేదు, ఆయన పోయేదాకా.

ఇప్పుడు ఆ వంటిల్లు లేదు, ఆ గట్టూ లేదు. మా తమ్ముడు అక్కడ కారు షెడ్డు వేశాడు. పాత ఫొటోలన్నీ కొత్త హాల్లో వరసగా తగిలించాడు. పోయినసారి వెళ్ళినప్పుడు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. నాన్నగారు, మామ్మ, పందెంలో గెలిచిన మా ఎద్దుల జత, వాటి మెడలో పూలదండలు. పెద్దత్త ఎక్కడా లేదు. ఆమెకి ఎవరూ ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. అప్పటికి మరీ చిన్నవాడైన తమ్ముడికి ఆమె గుర్తే లేదు. ఆ ఇంట్లో ముప్ఫయ్యేళ్ళు అన్నం వండిన మనిషి మొహం ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. అదీ కొంచెం కొంచెంగా చెరిగిపోతోంది.