పన్నెండు మందినీ ఆడిస్తారా అని అడిగిన సార్‌కు

నిన్న పొద్దున నంద్యాలలో ప్రాక్టీస్ చేయిస్తుంటే ఆళ్ళగడ్డ నుంచి సార్ వాళ్ళావిడ, మేడమ్, ఫోన్ చేశారు.

"సార్ పోయినాడు పాపా."

"ఏ సార్?" అన్నాను. తెలిసి కూడా అడిగాను.

ఏసురత్నం సార్. ఆళ్ళగడ్డలో మా స్కూల్ పీఈటీ. నంద్యాలలో మా అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్‌కు మొదటి కోచ్.

ఈరోజు సమాధి కార్యక్రమం చూసుకుని నంద్యాల వచ్చేశాను. ఒళ్ళంతా అలసటగా ఉంది. అయినా రాయాలి.

మాది దొర్నిపాడు దగ్గర పల్లె. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేనే. టీమ్‌లో చేరతానంటే మా నాయన ఒప్పుకోలేదు. సార్ స్కూటర్ వేసుకుని మా ఇంటికే వచ్చారు.

"బంతాటతో ఏమొస్తాది సార్?" అన్నాడు నాయన.

"ఏమీ రాదప్పా. పన్నెండో పాప నీ కూతురే. ఆ యమ్మి రాకుంటే పదకొండు మందినేసుకొని యాడికి పోవాల నేను?"

నాయన నవ్వాడు. పంపించాడు.

సార్‌కు ఒకటే పట్టుదల. టీమ్‌లో ఉన్న పన్నెండు మందీ ప్రతి మ్యాచ్‌లో కాసేపైనా ఆడాలి. ఫైనల్ అయినా సరే. ఆయన మాత్రం మ్యాచ్ అయ్యేదాకా నిలబడే ఉండేవారు. బెంచ్ పిల్లలదట.

ఒక ఏడాది ఫైనల్లో మేం ఒక పాయింట్ ముందున్నాం. ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి. అప్పటికి దిగనిది నేనొక్కదాన్నే. "పో పాపా" అన్నారు.

బాల్ నా చేతుల్లోంచి జారింది. అవతలివాళ్ళు అందుకుని బాస్కెట్ వేశారు. ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం.

తిరిగి వచ్చే బస్సులో ఏడుస్తుంటే సార్ నా చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం పెట్టారు.

"ఏడవాకు. నిన్ను దింపింది నేను. తిట్లు నాకొస్తాయిలే. నువ్వు తిను."

వచ్చాయి. వారం తిరక్కముందే టీమ్‌ను నడిపే కమిటీ వాళ్ళు ఆయనను కోచ్‌గా తీసేశారు.

తర్వాత వచ్చిన కోచ్‌కు లాప్‌టాప్ ఉండేది. ఐదుగురినే ఆడించాడు. కప్పు కూడా గెలిచాం, అది నిజం. కానీ బెంచ్ మీద కూర్చుని కూర్చుని బండి ఆత్మకూరు పిల్లలు, పాములపాడు పిల్లలు రావడం మానేశారు. మరుసటి ఏడాది ఇద్దరికి దెబ్బలు తగిలితే దింపడానికి మనిషే లేదు.

మూడో కోచ్ బయటి ఊళ్ళ నుంచి ప్లేయర్లను తెచ్చాడు. ఆయన వెళ్ళిపోయాడు, వాళ్ళూ వెళ్ళిపోయారు. మూడు నెలలుగా కోచ్ లేక, అసిస్టెంట్‌నైన నేనే టీమ్‌ను చూసుకుంటున్నాను.

కమిటీ వాళ్ళంతా చెడ్డవాళ్ళని అనను. సార్‌తోనూ కష్టమే. మీటింగ్‌కు రారు, ఫోన్ ఎత్తరు, కొత్త డ్రిల్ చెబితే వినరు. కానీ ఇన్నిసార్లు కోచ్‌ను మార్చిన వాళ్ళు, పిల్లలు ఎందుకు మానేస్తున్నారని ఒక్కసారి కూడా అడగలేదు.

పోయిన నెల సార్‌నే మళ్ళీ పిలుద్దామన్నారు. అడిగి రమ్మని నన్ను పంపారు. సార్ మోకాళ్ళు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"పన్నెండు మందినీ ఆడిస్తారామ్మా? అది కనుక్కోని బేగా చెప్పు. మిగతాదంతా తర్వాత."

కమిటీలో అడిగాను. "ముందు ఆయనను రానీ. ఫైనల్లో అట్లాంటివి కుదరవని మెల్లగా చెప్పుకుందాంలే," అన్నారు.

అంటే కాదనే.

ఆ మాట సార్‌కు చెప్పలేకపోయాను. గంట బస్సు ప్రయాణమే, అయినా మూడు వారాలు వాయిదా వేశాను. ఎప్పుడూ ఫోన్ చేయని మనిషి ఒకరోజు తనే చేశారు.

"ఏమన్నారు పాపా?"

"మీటింగ్ ఇంకా కాలేదు సార్."

అప్పటికే అయిపోయింది. సార్‌తో నేను ఆడిన చివరి మాట అబద్ధం.

ఇప్పుడు చెబుతున్నాను సార్. కమిటీ వాళ్ళు ఈ పోస్ట్ చూసినా సరే. మీటింగ్ అయింది. వాళ్ళు ఒప్పుకోలేదు.

ఆదివారం మ్యాచ్ ఉంది. పన్నెండు మందినీ దింపుతున్నాను. చివరి రెండు నిమిషాలే మిగిలినా, పన్నెండో పాపను పంపుతాను. తిట్లు నాకు రానీ.

నేను నిలబడే ఉంటాను.

ప్రభువు దగ్గర మోకాళ్ళ నొప్పి ఉండదంటారు. ఇప్పుడైనా మీరు కాసేపు నెమ్మదిగా కూర్చోండి సార్.