మా ఇంట్లో ఇంగువ

ఉల్లిపాయ తినడం లేదని నన్ను సంఘ పెద్దల్లోంచి తీసేశారు.

ఉల్లిపాయను మేం బళ్లారిలో ఎర్రగడ్డ అంటాం, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటాం. ఈ రెండూ మానేశాను గనుక నేను బాపనోళ్ల మడి పట్టానని తీర్మానం చేశారు. ప్రభు బల్ల ఆదివారం నాడు ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకొని పాస్టరుగారి వెనక నడిచే పని నాది. ఆ పళ్లెం నా చేతుల్లోంచి తీసి ఇంకొకడికి ఇచ్చారు.

పళ్లెమే కదా అని చదివేవాళ్లకు అనిపించవచ్చు. మా నాయన ఆ గుడి గోడలకు ఏటా సున్నం కొట్టినవాడు. సంతకం రాదని ఆయన్ను ఎన్నడూ పెద్దల బెంచీ మీద కూర్చోనివ్వలేదు. నాకూ బడి చదువు లేదు. లారీల వెనక రాతలు చూసి కన్నడం, పొట్లాల కాగితాలు చూసి తెలుగు కూడబలుక్కున్నాను. ఆ తర్వాత బైబిలు మొదటి పుట నుంచి చివరి పుట దాకా మళ్లీ మళ్లీ చదివాను. పాస్టర్లు మారుతూ వచ్చారు. వాక్యం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే వాళ్లు నా వైపు చూసేవాళ్లు. ఆ చదువుకంతటికీ నాకు దక్కిన మర్యాద ఆ పళ్లెం ఒక్కటే.

ఇక కడుపు సంగతి. నా ఉద్యోగమంతా తారానగర్ వైపు, గనుల లారీలను తూచే కాటా దగ్గర గడిచింది. లారీ కాటా ఎక్కిందంటే నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా లేచి బరువు రాయాలి. పొద్దున ఖాళీ కడుపులో టీ, సాయంత్రం బొరుగుల మండక్కీ, మిరపకాయ బజ్జీలూ, నడుమ ఎప్పుడు వీలైతే అప్పుడు అన్నం. మరుగుదొడ్డి లేదు. ఎర్ర దుమ్ము గుట్టల చాటుకు పోవాలి, పోవడానికి లేకపోతే బిగబట్టుకోవాలి. దొరలకు ఇనుము కావాలి గానీ దాన్ని తూచేవాడికి ఒక కడుపు ఉంటుందని ఎవడికి పట్టింది?

రిటైరయ్యాక ఆ కడుపు నా మీద తిరగబడింది. కొన్ని వారాలు నీళ్లలాగా పోయేది. కొన్ని వారాలు అసలు రాదు. మెలిపెట్టే నొప్పి, డోలులాగా ఉబ్బరం. పోయి వస్తే నొప్పి కాస్త తగ్గేది, కూర్చున్న చోటు వేడెక్కకముందే మళ్లీ మొదలు. బస్సెక్కే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకొని గానీ టికెట్టు అడిగేవాణ్ని కాదు. చుట్టాలిండ్లకు పోవడం మానుకున్నాను. గుడిలో ప్రసంగం నడుమ లేచి పోవలసి వచ్చేది.

రక్తం చూశారు, మలం చూశారు, కింది నుంచి గొట్టం పెట్టి చూశారు. చూసిన డాక్టరు నవ్వుతూ అన్నాడు: "ఏం లేదు తాతా, అంతా నార్మల్."

"ఏం లేకపోతే నేను కుర్చీలో కూర్చోలేక నిలబడి మాట్లాడ్తాండానెందుకప్పా?" అన్నాను.

"వయసు తాతా."

వయసుకు మందు రాసిచ్చాడు. ఆ మందు ఏం చేయలేదు. మా అల్లుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. "మామకు కడుపులో ఏం లేదు, అంతా తలకాయలో ఉండాది" అని నా ఎదుటే, నేను చెవిటివాణ్ని అయినట్టు, మా కూతురితో అన్నాడు. ఆ కుర్రవాడి తలకాయలో ఏముందో నాకు తెలుసు. ఆడపిల్లను ఇచ్చుకున్నవాణ్ని గనుక నోరు మూసుకున్నాను.

చివరికి ఒక డాక్టరమ్మ దొరికింది. రిపోర్టులు పక్కన పెట్టి, నేను ఏం తింటాను, ఎప్పుడు తింటాను, ఎట్లా నిద్రపోతాను అని అడిగిన మొదటి మనిషి ఆమె. రక్తం పడుతోందా, బరువు తగ్గావా, రాత్రి నిద్రలోంచి లేపుతోందా అని అడిగింది. లేదన్నాను. అప్పుడు పేరు చెప్పింది: ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్.

"పేగు చెడిపోలేదప్పా. దానికి ఓర్పు పోయింది, అంతే. ఇది నిన్ను చంపదు, పూర్తిగా వదలదు కూడా. నువ్వే దాన్ని సరిగ్గా చూసుకోవాల" అంది.

ఆమె చెప్పిన దారి కష్టమైనదే గానీ తిక్క లేనిది. కడుపులో గాలి పుట్టించేవి, నీళ్లు లాగేవి కొన్నాళ్లు మానాలి. తర్వాత ఒక్కొక్కటే కొంచెం కొంచెంగా తెచ్చుకొని చూడాలి. ఏది పడుతుందో ఏది పడదో ఎవరి కడుపు వాళ్లకే చెబుతుంది. నా కడుపు చెప్పింది ఇది: పాలు పడవు, పెరుగు కొంచెమైతే పడుతుంది. గోధుమ చపాతీ పడదు, జొన్నరొట్టె పడుతుంది. కందిపప్పు కప్పెడు పడదు, పెసరపప్పు గరిటెడు పడుతుంది. కోసు అనే క్యాబేజీ, కాలీఫ్లవరు అసలు పడవు, బీరకాయ పడుతుంది. బజ్జీల జోలికి పోకూడదు. అన్నిటికంటే నాకు శత్రువులు ఎర్రగడ్డ, తెల్లగడ్డ. ఆ రెండూ మానేసిన నెల నా జీవితంలో మళ్లీ మనిషినైన నెల.

వేళకు తినాలంది, తిన్నాను. నమిలి తినాలంది, పళ్లున్నంత మేర నమిలాను. పొద్దున టీకి ముందు వేడినీళ్లు తాగి సంగనకల్లు దారిలో నడిచేవాణ్ని. రాయి కొట్టి పనిముట్లు చేసుకున్న ఆదిమానవులు బతికిన గుట్టలవి. వాళ్లకు ఎర్రగడ్డలు ఉండేవో లేవోనని దారంతా ఆలోచించేవాణ్ని.

ఇంట్లో యుద్ధం జరిగింది. మా ఇంటామె గరిటె విసిరి కొట్టింది.

"ఎర్రగడ్డ లేకుండా తాళింపు ఎట్ల పెట్టేదయ్యా? తెల్లగడ్డ లేకుండా కోడికూర ఎవురన్నా చేస్తారా? నీళ్లల్లో ఉడికేసి పెడ్తా, తింటావా?"

"తింటాను."

"నువ్వు తింటావు. మేమేం పాపం చేసినాం?"

డాక్టరమ్మే ఉపాయం చెప్పింది, తెల్లగడ్డ బదులు ఇంగువ వేసుకోమని. పొడి ఇంగువలో గోధుమపిండి కలుపుతారు గనుక పిండి కలవని ముద్ద ఇంగువ తెమ్మని మా ఇంటామెను అంగడికి పంపాను. అంగడతను ఆమె మెడలోని సిలువ గొలుసు చూసి, "ఏందమ్మా, మీ ఇండ్లల్లో కూడా ఇంగువ తింటారా? ఎప్పట్నించి?" అన్నాడంట. ఆమె ఆ మాట ఇంటికి తెచ్చింది. మా పక్కింటామె దాన్ని గుడికి తీసుకుపోయింది.

ముద్ద ఇంగువ వాసన గోడలు దాటి పోతుంది. మా వీధిలో అందరూ మిషను కాలం నాటి కుటుంబాలవాళ్లే. మా తాతల నీడ పడితే తలంటు పోసుకున్నవాళ్ల వంటిండ్లలోంచి వచ్చిన వాసన అది. మా వాళ్లు గుడి కట్టుకొని, అందరూ ఒకే గుండిగలోది, ఒకే వరసలో కూర్చొని తినడాన్నే రక్షణ అనుకున్నారు. ఇప్పుడు నా కిటికీలోంచి ఆ పాత వాసన వస్తే వాళ్లకు ఒళ్లు మండింది. ఎందుకు మండిందో నాకు తెలియక కాదు. అడిగి తెలుసుకోకుండా మండడం ఏం మర్యాద అని నా ప్రశ్న.

కోతల పండగ భోజనం నాడు బయటపడింది. గుడి ఆవరణలో షామియానా వేశారు. మటన్ పలావు, ఎర్రగడ్డ పెరుగుపచ్చడి, గోధుమ పాయసం. అందులో నేను తినగలిగింది ఆకు ఒక్కటే. నా డబ్బా తెరిచి జొన్నరొట్టె, ఎర్రగడ్డ వేయని కోడికూర బయటికి తీశాను. మా సంఘ పెద్దల్లో లారీలున్నాయన ఒకడున్నాడు. చిన్నప్పుడు నాతో గోలీలు ఆడి, ఓడితే కరిచేవాడు. అతను వరస చివర నుంచి అందరికీ వినబడేట్టు అరిచాడు:

"ఏమప్పా, జంధ్యం ఎప్పుడేసుకుంటావు? పిలుస్తావా మమ్మల్ని?"

నవ్వులు.

"కోడికూర తింటాండాను, కండ్లు కనపడలేదా? కోడి తినే మడోళ్లను యాడన్నా చూసినావా?" అన్నాను.

"కోడి తింటావు, మా గుండిగలోది తినవు. ఇది దొంగ మడి. జాస్తి డేంజరు."

పక్కనున్న ఆడవాళ్లు విస్తళ్లు కాస్త దూరం జరుపుకున్నారు. వడ్డించేవాడు నా దగ్గరికి రాగానే గరిటె పైకెత్తి, "సామీ, అంటుకుంటాదేమో, పక్కకు జరుగు" అని దాటిపోయాడు. ఆ నవ్వులు చాలాసేపు ఆగలేదు. పాస్టరుగారు నవ్వలేదు. కానీ ఆపలేదు.

తర్వాతి వారం నన్ను కమిటీకి పిలిచారు. అందరి ముందు నా పేగుల సంగతి చెప్పుకోవడం బట్టలు విప్పడంతో సమానం. అయినా చెప్పాను, జబ్బు పేరుతో సహా.

"ఇరిటబుల్ అంటే చిరాకు గదా?" అన్నాడు లారీల పెద్ద. "నీకు చిరాకని ఊరంతా తెలుసు గదప్పా. దానికి డాక్టరెందుకు, ఫీజు దండగ."

ఇంకొక పెద్ద, రైల్వేలో చేసినాయన, తల వంచుకొని అడిగాడు: "గోధుమ పడదంటావు. మరి ప్రభు రొట్టె గోధుమదే గదా. దాన్ని గూడా ఇంటికి పోయి కక్కుతావా?"

"గోరంత ముక్కకు ఏం కాదు. ఎంత తింటామనేదే లెక్క. ఇన్నేండ్లలో ఒక్కసారి వద్దన్నానా?" అన్నాను.

"సంఘం గుండిగలోది తినలేనివాడు సంఘం పళ్లెం ఎట్ల పట్టుకుంటాడు?" అని పాస్టరుగారు మెల్లగా, వాక్యం చదివినట్టు అన్నారు. అది వాక్యం కాదు. ఎక్కడా లేదు. నేను వెతికాను. ఒకడు కూరగాయలే తింటే తిననివ్వండి, తినేవాడు తిననివాణ్ని తృణీకరించకూడదు అనే అర్థం వచ్చే మాట రోమా పత్రికలో ఉంది. తెరిచి చూపించాను. "అది వేరే సందర్భం" అన్నారు. వాళ్లకు పడని వాక్యాలన్నీ వేరే సందర్భాలే.

చేతులెత్తారు. నా మీద ఒక్క చెయ్యి తక్కువ కాలేదు.

ఆ వారమంతా నా కడుపు పాత రోజులకు పోయింది. తినకూడనిది ఒక్కటీ తినలేదు, అయినా పోయింది. డాక్టరమ్మ, "మనసు బాధపడితే పేగుకు తెలుస్తాదప్పా. రెంటికీ ఒకే తీగ. నడక మానొద్దు, ఊపిరి నిదానంగా తీసుకో" అంది. మానలేదు. కొన్నాళ్లకు కడుపు మళ్లీ దారికొచ్చింది. ప్రసంగమంతా కదలకుండా కూర్చోగలిగాను, కాకపోతే వెనక బెంచీ మీద, చెప్పులు విడిచే చోటు పక్కన. ముందు బెంచీ పెద్దలది.

లారీల పెద్దకు ఆ మధ్య షుగరొచ్చింది. పండగ భోజనంలో పాయసం వద్దని చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఏ మడి పట్టావని అతన్ని ఎవరూ అడగలేదు. షుగరు డబ్బున్నవాళ్ల జబ్బు, చెప్పుకోవడానికి బాగుంటుంది. నాది చెప్పుకునే జబ్బు కాదు.

పళ్లెం ఇప్పుడు పట్టేది అతనే. వేళ్లకు తిమ్మిరి, గ్లాసులు గలగలమంటాయి. ఆ చప్పుడు వెనక బెంచీ దాకా వినబడుతుంది. నేను హాయిగా వింటాను.

అయినా ప్రశ్న వదల్లేదు. ఎర్రగడ్డ తిననివాడు పళ్లెం పట్టకూడదని ఎక్కడుంది? పాస్టరుగారిని గుడి మెట్ల మీద అడిగాను, సమాధుల తోటలో అడిగాను, పెండ్లిలో అడిగాను. "ప్రార్థన చేద్దాం" అనేవారు. ఆయన బదిలీ అయి పోయారు. కొత్తాయన, "నాకు తెలియని సంగతి, పెద్దల్ని అడగండి" అన్నారు.

పోయిన ఎండాకాలం లారీల పెద్ద ఇంటికే పోయాను. గేటు లోపల వేపచెట్టు కింద మంచం మీద కాళ్లు చాపుకొని ఉన్నాడు. ఒంటరిగా ఉన్నాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. నిలబడే అడిగాను:

"నాకు బాగైంది. ఎండ్లకాలం, వానకాలం ఒక్కనాడూ లేవకుండా కూర్చుంటాండా. నాది మడి కాదు, జబ్బని మీకందరికీ తెలుసు. మరి నా పళ్లెం ఎందుకు తీసినారు? ఈ పొద్దన్నా సెప్పు. సచ్చేలోపల నాకు తెలియాల."

అతను నా మొహం చూడకుండా, తన కాళ్ల వేళ్లను చూసుకుంటూ అన్నాడు:

"రోగమని మాకు మొదట్నించీ తెలుసులేప్పా. బల్ల ఆదివారం ఒకసారి పళ్లెం బెంచీ మింద పెట్టి పరిగెత్తినావు. మళ్లా వచ్చి అవే చేతుల్తో పట్టుకున్నావు. సబ్బుతో కడుక్కునే వచ్చింటావు, కాదనను. ఆ దినం ఆడోళ్లు రసం తాగలేదు, సుమ్నె, ఊరికెనే మూతికాడ పెట్టుకొని కింద పెట్టేసినారు. నీ చేతులంటే అందరికీ అసియ్యమైపోయిందని నీ మొగాన ఎట్ల సెప్పేది? అప్పుడే నీ ఇంట్లో ఇంగువ వాసనొచ్చింది. మడి అంటే నీకు కోపమొస్తాది గానీ సిగ్గు రాదులే అని అదే పెట్టినాం. ఇంగ పో, ఎండ ముదర్తాండాది."