కండ్ల కింద నీలిమందు

1957 ఎండాకాలంలో నేను తాండూరు స్టేషన్ రోడ్డులో ఒక ఫోటో స్టూడియోలో మేకప్‌మ్యాన్‌గా చేరాను. అంతకు ముందు పదేండ్లు నాటకాల కంపెనీలో అదే పని. కంపెనీ వికారాబాదులో ఆడుతుండగానే చీలిపోయింది. నటులు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు, నేను రంగుల పెట్టె పట్టుకుని తాండూరు బండెక్కాను. స్టూడియో యజమానిని ఊరంతా ఉస్తాద్ అనేది. కెమెరా, ఫిల్ముకు బదులు వాడే గాజు ప్లేట్లు, వాటిని కడిగే చీకటి గది ఆయనవి. కుర్చీలో కూర్చున్న మనిషి మొఖం నాది. హోదాలో ఆయన తర్వాతే నేను, కానీ మొఖం సంగతిలో ఎవరు వేలు పెట్టినా నాకు పడేది కాదు. ముక్కు మీద కోపం అని నాకు పేరు. అబద్ధం కాదు.

మొఖానికి రంగు ఎవరైనా వేస్తారు. కండ్ల కింద నలుపు కప్పే దగ్గరే మేకప్‌మ్యాన్ పనితనం తెలిసిపోతుంది. అక్కడి చర్మం ఉల్లిపొరంత పలుచన. ముందు మనిషిని వెలుతురులో కూర్చోబెట్టి ఆ నలుపు ఏ రంగులో ఉందో చూడాలి. నీలం తిరిగిన నలుపు వేరు, గోధుమ రంగు నలుపు వేరు. నీలం తిరిగినదాని మీద నేరుగా చర్మం రంగు పూస్తే బూడిద పూసినట్టు ఉంటుంది. అందుకని ముందు నారింజ రంగు మేకప్ కడ్డీ పలుచగా తాకిస్తాము, అది నీలాన్ని చంపుతుంది. దాని మీద చర్మం కంటే కొంచెం తెలుపు ఎక్కువున్న కడ్డీ. ఉంగరం వేలితో అద్దాలి, రుద్దరాదు. ఆ వేలికి బలం తక్కువ గనక చర్మం లాగదు. పైన పౌడరు. ఆఖరున కంటి లోపలి మూల దగ్గర వెలుగు కోసం లేత రంగు ఒక్క చుక్క. ఆ చుక్క పెద్దదైతే కన్ను వాచినట్టు కనిపిస్తుంది. ఈ పద్ధతితోనే యాభై ఏండ్ల నటుణ్ణి పెండ్లికొడుకు వేషంలో నిలబెట్టినవాణ్ణి నేను.

స్టూడియోలో చేరిన రెండో నెలలో కోట్‌పల్లి దిక్కు నుంచి ఎస్తేరు అనే పిల్ల వాళ్ల నాయనతో వచ్చింది. ఆయన బండల గనిలో రాయి కొట్టేవాడు. పిల్ల నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెడుతున్నది, దానికి ఫోటో కావాలి. పోయిన ఏడాది పంపిన ఫోటోలో కండ్లు గుంటల్లో ఉన్నట్టు పడ్డాయి. పిలుపు రాలేదు. పట్నం పోయి కనుక్కుంటే, ఫోటో చూసి క్షయ ఉందేమో అనుకున్నామని గుమాస్తా చెప్పాడట. ఆ పిల్లకు దగ్గు కూడా లేదు. ఈసారి కూడా పిలుపు రాకపోతే వయసు దాటిపోతుంది. “గిదీ పోతే నా లెక్కనే బండల్ల పడుతది సారు” అన్నాడు వాళ్ల నాయన. దరఖాస్తు ఆ సాయంత్రం టపాలో పడాలి.

నాకు చిటికెలో పని అనిపించింది. చూస్తే నీలం తిరిగిన నలుపు. నారింజ కడ్డీ, దాని మీద తెలుపు కడ్డీ, పౌడరు, మూలన చుక్క. అద్దం ఇస్తే పిల్ల తన మొఖం తానే నమ్మలేదు. ఉస్తాద్ కెమెరా మీది నల్లగుడ్డలో తల దూర్చి ఫోటో తీశాడు. ప్లేటు కడిగి, అది ఇంకా తడిగా ఉండగానే ఒక ప్రింటు తీసి తెచ్చాడు.

ప్రింటులో కండ్ల కింద రెండు నల్ల మరకలున్నాయి, ఎవరో గుద్దినట్టు. ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ల నాయన, “పోయినేడు ఫోటోనే నయముండె గద సారు” అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదని అనుకోలేదు గనక ఉస్తాద్ మీద పడ్డాను. ప్లేటు కడిగే మందు పాతదన్నాను, ప్లేటు పాడైందన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. ఆయన అరవలేదు. “జర లోపలికి రా మియా” అని చీకటి గదిలోకి తీసుకుపోయి ఎర్ర దీపం వెలిగించి, నా నారింజ కడ్డీతో తెల్ల కాగితం మీద గీయమన్నాడు. గీశాను. గీత కనిపించలేదు. కాగితం బయటికి తెచ్చి చూస్తే వేలెడంత లావున నారింజ గీత.

అప్పుడు చెప్పాడు. ఎర్ర దీపం కింద ప్లేటు ఎందుకు పాడుకాదంటే, మా దగ్గర వాడే ఆ రకం ప్లేటుకు ఎరుపు కనబడదు. దానికి కనబడనిది ఫోటోలో నల్లగా పడుతుంది. నారింజలో ఉన్నది సగం ఎరుపే, అందుకే ఎర్ర దీపం కింద గీత తెల్ల కాగితంలో కలిసిపోయింది. అప్పటిదాకా వచ్చినవాళ్లకు పౌడరు, కాటుకతోనే సరిపోయింది, నేను ఆ కడ్డీ తీసే అవసరమే రాలేదు. చిన్న మచ్చలైతే ప్లేటు మీద పెన్సిలుతో సర్దేవాడు ఉస్తాద్. ఇంత మరక పెన్సిలుకు లొంగదు.

మరి ప్లేటుకు బాగా కనబడే రంగు ఏదని అడిగాను. నీలం, అది తెల్లగా పడుతుంది అన్నాడు. బజారుకు పోయి తెల్లబట్టలకు పెట్టే నీలిమందు తెచ్చాను. తెల్లటి జింకు పొడిలో కొబ్బరినూనె కలిపి, సూది మొనతో ఇంత నీలిమందు వేసి నూరాను. ఎస్తేరు మొఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. నా వేలి మీది రంగు చూసి వాళ్ల నాయన లేచి నిలబడ్డాడు. “నా బిడ్డేమన్న తెల్లంగీనా, నీలిమందు పెడుతవు?” అన్నాడు. “ఊకో నాయనా, పెట్టనియ్యి” అంది ఎస్తేరు. ఆ పిల్ల ధైర్యాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను, ఎందుకంటే పూసిన తర్వాత చూడటానికి భయంగానే ఉంది.

రెండో ప్రింటులో కండ్ల కింద నీడ అన్నది లేదు. ఉస్తాద్ నా వీపు తట్టాడు. ఎస్తేరు మాత్రం ఫోటోను చాలాసేపు చూసి, “గిది నేను గాదు” అంది. నాకు ఒళ్లు మండింది. పొద్దున్నుంచి ఇంత పరేషాన్ అయింది దేనికని కసిరాను. ఆమె తల దించుకునే చెప్పింది: “గీ ఫోటో చూసి పిలుస్తరు సారు. పిలిస్తే ఫోటో పోదు గద, నేనే పోవాలె. గిది ఎవరిదమ్మా అంటే నేనేం చెప్పాలె?”

తడి దూదితో పూత సగం తీసేశాను. మూలన చుక్క ఉంచాను, నలుపు అంచు కొంచెం కనబడనిచ్చాను. ఉస్తాద్ గొణుగుతూనే మూడో ప్లేటు పెట్టాడు. ఫోటో ఆరీ ఆరకముందే దరఖాస్తుకు అంటించుకుని వాళ్ల నాయన స్టేషనుకు ఉరికాడు. టపా బండి అందింది.

వానలు వెనకబట్టినంక ఎస్తేరు స్టూడియోకు వచ్చి జరిగింది చెప్పింది. పిలుపు వచ్చిందట. పట్నంలో ట్రైనింగు చూసే పెద్ద నర్సు ఫోటోను, ఆమెను మార్చి మార్చి చూసి, మనిషి నువ్వేనని ఒప్పుకుని, కండ్ల కింద ఈ నలుపు ఎప్పటి నుంచి అని అడిగిందట. రెండేండ్లాయె అని ఈమె చెప్పింది. పరీక్షలు చేశారు. ఊపిరితిత్తులు మంచిగున్నాయి, నెత్తురే తక్కువ. మందు రాసిచ్చి ట్రైనింగులో చేర్చుకున్నారు.

నాకు సంతోషమైంది. వెంటనే సిగ్గూ అయింది. పదేండ్లలో ఎందరి కండ్ల కింద ఎంత నలుపు కప్పానో నాకే తెలియదు. అది ఏ రంగు నలుపో ప్రతిసారీ చూశాను, ఎందుకు వచ్చిందని ఒక్కరినీ అడగలేదు. కంపెనీలో మా కథానాయికకు రెండేండ్లు రోజురోజుకూ పూత మందం చేస్తూ పోయాను. ఒకనాడు ఆమె వేషంలో ఉండగానే స్టేజీ మీద కూలిపోతే, అంత చెమటలోనూ నా మేకప్ చెదరలేదని నలుగురికీ చెప్పుకున్నాను.

ఎస్తేరు వచ్చిపోయిన నాటి నుంచి పని మానేసేదాకా, కుర్చీలో ఎవరు కూర్చున్నా కడ్డీ తీసే ముందు ఎప్పటి నుంచి అని అడిగాను. కొందరు చెప్పారు, కొందరు నీకెందుకన్నారు. వాళ్లకూ అడిగిన తర్వాతే పూశాను.