అవ్వ ఓడను అమ్మిన పూట

మా బట్టల దుకాణంలో నేను నేర్చిన మొదటి విద్య నోరు మూసుకోవడం. బేరం కుదరక గిరాకీ లేచి నిలబడితే గుండె జారినా ముఖం జారకూడదు. "కాలు గడప మీద పడ్డంక పిలువు," అనేవాడు మా నాన్న, బాపు. "అంతకన్న ముంగట పిలిస్తే నీ అక్కెర బయటపడ్తది. దాటినంక పిలిస్తే వాడు రాడు." మెట్‌పల్లి బజారులో ఈ విద్యలో నాకు కాస్త పేరుండేది. ఆ పేరును బొంబాయి రేవులో నన్ను కన్న మా అవ్వ మీద వాడి పోగొట్టుకున్నాను.

చెల్లె పెళ్లయి రెండేళ్లయింది. ఆమె భర్త బహ్రెయిన్‌లో నూనె బావుల దగ్గర ఫిట్టరు. ముందు అతను పోయాడు, ఏడాది తర్వాత చెల్లె పోయింది. అప్పటికి మా వైపు నుంచి ఆ దేశాలకు పోయినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు చెల్లెకు తొలిచూలు. కాన్పు పుట్టింట్లో కావాలి, కానీ అక్కడి డాక్టరమ్మ ఈ నెలల్లో సముద్ర ప్రయాణం వద్దన్నదట. ఉత్తరం చివర చెల్లె ఒక్క ముక్క రాసింది: "అవ్వ పక్కనుంటే నాకు భయముండదు." బాపు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుని, "పిల్ల పుట్టింటికి రాకుంటే పుట్టిల్లే పోతది," అన్నాడు. దుకాణం విడిచి తాను రాలేడు. అవ్వను తీసుకుపోయే పని నా మీద పడింది.

ట్రంకులో సగం శొంఠి, వాము, బాలింతకు పెట్టే కాయం. మిగతా సగం అవ్వ తన పాత నూలు చీరలను చింపి, ఉడకబెట్టి, ఆరేసి మడతపెట్టిన గుడ్డలు. "ఇంత పెద్ద బట్టల దుకాణం పెట్టుకొని మనుమలకు పాత గుడ్డలా అవ్వా?" అని నవ్వాను.

"కొత్త బట్టకు గంజి ఉంటది, పసిదాని ఒంటికి గీసుకుంటది. గింత తెల్వదు గానీ బట్టలమ్ముతవు," అన్నది.

నిజామాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి మన్మాడ్ మీదుగా బొంబాయికి రైలు. రేవు గేటు లోపలికి వెళ్లగానే ఎదురుగా నల్లటి ఇనుప గోడ నిలబడి ఉంది. అవ్వ తల ఎత్తి చూసింది, ఇటు చివరి నుంచి అటు చివరికి చూసింది.

"గింత పెద్ద గోడ ఎందుకు కట్టిన్రు రా?"

"గోడ కాదవ్వా, జహాజు."

"అయితే నీళ్లేవి?"

గోదావరి దాటడానికి గుండ్రటి పుట్టి ఎక్కినవాళ్లం మేము. అంతకు మించిన అనుభవం నాకూ లేదు. అయినా బొంబాయిలో పుట్టి పెరిగినట్టు హమాలీని గదమాయించుకుంటూ మెట్లెక్కాను. పైఅంతస్తులో పేము కుర్చీలు, తెల్ల చొక్కాల నౌకర్లు, గుండ్రటి కిటికీలున్న గదులు కనిపించాయి. మా టికెట్టు చూసినవాడు చూపుడువేలు కిందికి తిప్పాడు. ఒక మెట్ల వరుస దిగాం. వేలు మళ్లీ కిందికే. మూడో వరుస దిగాక ఇంక దిగడానికి ఏమీ లేదు.

అది పొడవాటి హాలు. ఒకదాని మీద ఒకటిగా ఇనుప మంచాలు, వాటికి నంబర్లు. కొత్త రంగు వాసన, దాని కింద నూనె వాసన, ఎక్కడి నుంచో ఉల్లిగడ్డ వేగుతున్న వాసన. వచ్చినవాళ్లు వచ్చినట్టు దుప్పట్లు పరిచి, చెప్పులు మంచం కింద తోసి, జాడీలు తాళ్లతో కట్టుకుంటున్నారు. అవ్వ మా నంబర్లు వెతికి, కింది మంచం తాను తీసుకుని, పై మంచం నాకు చూపించింది. కొంగుతో ఇనుప చట్రం తుడిచి, ట్రంకు తలవైపు పెట్టింది. బాగానే కుదురుకుంటోంది. నేను ముఖం కడుక్కోవడానికి వెళ్లి, కనిపించిన కొళాయి తిప్పి పుక్కిలించాను. అది కడగడానికి పెట్టిన సముద్రపు నీళ్ల కొళాయి. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా వెనక్కి వచ్చాను. అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి వెనక గోడకు ఒరిగింది. ఒరిగి, నవ్వు ఆపింది.

"గీ గోడకు అవుతల ఏమున్నది రా?"

రంగు వెలిసిన చీరను లేతరంగు అని అమ్మినవాణ్ని నేను. ఆ ఒక్క క్షణం మాత్రం హరిశ్చంద్రుణ్నయ్యాను. "నీళ్లు," అన్నాను.

"ఎంత దాంక?"

నా చేయి తల పైకి ఎత్తి చూపించాను. పై మంచం కన్నా కొంచెం పైకే ఎత్తినట్టున్నాను.

అవ్వ పరిచిన బిస్తర్‌ను చుట్టడం మొదలుపెట్టింది. "నేను నీళ్ల కింద పండుకోను. పైన జాగ ఇప్పిస్తే ఉంట. లేకుంటే దిగిపోత."

నాకు తెలిసిన మాటలన్నీ అన్నాను. పైన ఆరుబయట పరుచుకునే జాగాలకు ఎండ, పొగగొట్టం మసి. కింద చల్లగా ఉంటుంది, ఊగడం తక్కువ.

"అంత మంచిగుంటే రెండు మంచాల మీద నువ్వే పండు," అన్నది అవ్వ.

దిగిపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మళ్లీ ఓడ పదిహేను రోజులకు గానీ లేదు. అప్పటికి చెల్లెకు నెలలు నిండుతాయి. భాష తెలియని ఊళ్లో, మొహం కూడా ఎరగని మంత్రసాని చేతిలో ఒక్కతే కనాలి.

పరుగున పైకి పోయి జాబితా పట్టుకున్న గుమాస్తాను కలిశాను. బేరం ఎట్లా మొదలుపెట్టాలో అట్లాగే మొదలుపెట్టాను. పైనున్న జాగాలు ఎండకు ఎవరికీ పనికిరావనీ, ఖాళీగా పడి ఉండే బదులు మాకిస్తే ఆయనకే మంచిదనీ చెప్పాను. ఆయన జాబితా చూపించాడు, ఒక్క గడి ఖాళీ లేదు. దారి తిండికి తెచ్చిన సకినాల డబ్బా ముందు పెట్టి మూత తీశాను. ఆయన వాసన చూసి బాగుందన్నట్టు తల ఊపి, మూత తానే పెట్టాడు. చివరికి, "సరే, వద్దులెండి," అని వెనుదిరిగి నాలుగడుగులు వేశాను. పిలుస్తాడని. ఐదో అడుగు దగ్గర ఓరగా చూశాను. ఆయన కాగితం తిప్పి తరువాతి మనిషి టికెట్టు చూస్తున్నాడు.

"సేఠ్," అన్నాడు తల ఎత్తకుండానే, "యే జహాజ్ హై, దుకాన్ నహీ."

నేను కిందికి దిగేసరికి సాగనంపడానికి వచ్చినవాళ్లు దిగిపోవాలని గంట కొడుతున్నారు. అవ్వ చేతిలో బట్టల మూటతో నాకు ఎదురొచ్చింది. "దొరికిందా?"

"లేదు."

"మంచిది," అని మెట్లెక్కింది. నేను వెనకే నడిచాను. నడుస్తూ ఒక మహా ఆలోచన చేశాను. బతిమాలితే బిగుస్తుంది, పిలవకూడదు. కన్నబిడ్డను అట్లా విడిచి ఏ తల్లీ పోదు. గడప దగ్గర ఆగుతుంది.

ఓడ తలుపులకు గడపలు మోకాలెత్తున ఉంటాయి. అవ్వ ఆ ఇనుప గడప దగ్గర ఆగింది. కుచ్చిళ్లు ఎత్తిపట్టింది. బాపు చెప్పిన క్షణం అదే. నేను పిలవలేదు. ఇంకొక్క రెప్పపాటు చూద్దామనుకున్నాను. ఆమె కాలు అవతల పెట్టింది.

దిగే మెట్ల మీద అవ్వ నడక ఎందుకు అంత నెమ్మదిగా ఉందో నాకు అప్పుడు తట్టింది. ముప్పై ఏళ్లు బాపు పక్కన కూర్చున్న మనిషి. నేను పిలుస్తానని, పిలిచి పైన జాగా ఎట్లాగైనా తెస్తానని ఆమె ఎదురుచూస్తోంది. ఆమె తిరుగుతుందని నేను ఎదురుచూస్తున్నాను. ఇద్దరు దుకాణదారులు, మధ్యలో చెల్లె. మొండి బేరంలో ఎవరూ గెలవక సరుకు అరలోనే ఉండిపోతుంది చూడండి, అట్లా.

నేను సగం మెట్లు దిగేటప్పటికి అవ్వ నేల మీదికి చేరింది. అక్కడ ఇంకో రభస. మెట్ల మొదట్లో ఒక ముసలామె తన పెట్టె మీద కూర్చుని ఉంది. తొమ్మిది గజాల మరాఠీ కట్టు, నుదుట పెద్ద బొట్టు. ఎక్కించడానికి వచ్చిన తమ్ముడు చేతులు జోడిస్తున్నాడు, కాపలావాడు కసురుతున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూ, "నకో, మలా భీతి వాటతే," అంటోంది. భయమేస్తోంది, వద్దు అని.

అవ్వ పుట్టిల్లు ఆదిలాబాద్ అవతల, ఇంట్లో సగం మాటలు మరాఠీలో నడిచే ఊరు. ఆ మాట చెవిన పడగానే ఆగింది. ఎక్కడికని అడిగింది. మస్కట్‌లో కొడుకు దగ్గరికట. కోడలికి జ్వరం, ఇద్దరు చిన్నపిల్లలట. పోవాలని ఉంది, కాలు లేవడం లేదు.

"నేను లోపలికి పోయి చూసొచ్చిన బాయీ," అన్నది అవ్వ మరాఠీలో. అప్పటికి ఓడలో ఆమె అనుభవం గంట. "నీ జాగ ఎక్కడిచ్చిన్రు?"

ముసలామె చీటీ చూపించింది. అందరికన్నా కింద, మా హాలే.

అవ్వ ఓడ వైపు తిరిగింది. మూట చంకలో పెట్టుకుని ముందుకు వెళ్లి, ఎదురుగా ఉన్న ఇనుప రేకు మీద అరచేయి ఆనించింది. బట్ట తాను విప్పి నేత చూపించేటప్పుడు అట్లాగే ఆనిస్తుంది.

"గీ కుట్లు చూడు," అన్నది రేకుల మీది మేకుల వరుస చూపించి. "ఎంత దగ్గర దగ్గర వేసిన్రు! సందున చీమ దూరదు. కింద జాగ దొరికిందంటే నీ అదృష్టం. పైనోళ్లు ఎండకు మాడుతరు, పొగగొట్టం మసి నెత్తి మీద పడ్తది. కింద సల్లగ నట్టిల్లు తీరుగ ఉంటది. చెట్టు కొన ఎంత ఊగుతది, మొదలు ఎంత ఊగుతది? నువ్వే చెప్పు."

మాట మాటా నాదే. ఇందాక నేనన్నప్పుడు వాటిలో ఒక్కటీ చెల్లలేదు. అవ్వ నోట అవే మాటలు పట్టుబట్టలా జారిపోతున్నాయి. ముసలామె తల అడ్డంగా ఊపడం ఆపింది.

"నువ్వు కూడా కిందనేనా?" అని అడిగింది.

అవ్వ తల ఎత్తింది. మెట్ల మధ్యలో నిలబడ్డ నన్ను చూసింది. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది.

"కిందనే. నీ పక్క వరుసల," అని, ఆమె అవునని అనకముందే ఆమె సంచీ అందుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. గిరాకీ ఇంకా ఆలోచిస్తుండగానే బట్ట కత్తిరించడం అంటే అదే. ముసలామె తన సంచీ వెనక తాను వచ్చింది. తమ్ముడు పెట్టె మోసుకొచ్చాడు. నా పక్క నుంచి పోతూ అవ్వ, "దారికడ్డం నిలవడ్డవేందిరా, జరుగు," అన్నది.

దుకాణం వాళ్లకు ఒక కట్టడి ఉంది. గిరాకీ ముందు పొగిడిన సరుకును ఆ గిరాకీ వినేటట్టు మళ్లీ తీసిపారేయకూడదు. ఆవపిండి రంగు కోటు బట్టను ఒకరికి పొగిడి అమ్మినందుకు, ఆయన చూస్తాడని బాపు అదే బట్టతో కోటు కుట్టించుకుని రెండు చలికాలాలు తొడిగాడు. ఊరంతా నవ్వినా తీయలేదు. అవ్వ ఆ ఇంటి కోడలు.

ఓడ కదిలింది. అవ్వ కింది మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఎదుటి మంచంలో ఉన్న ముసలామెకు కొంగు ఎట్లా బిగించుకుంటే దొర్లిపడరో చూపించింది. ఏ కొళాయి నీళ్లు నోట్లో పోసుకోకూడదో నన్ను ఉదాహరణగా పెట్టి చెప్పింది. రెండో రోజు సముద్రం లేచింది. హాలంతా వాంతులు, మూలుగులు. అవ్వ ముఖం పసుపు పూసినట్టయింది. ముసలామె, "బాయీ, ఎట్లున్నది?" అన్నప్పుడల్లా, "మంచిగున్నది, ఉయ్యాల తీరుగ," అనేది. ఒక్కసారి, ముసలామె నీళ్లకు వెళ్లినప్పుడు, అవ్వ నా చేయి పట్టుకుని చెవిలో అన్నది. "గుండె గుబగుబమంటుందిరా. గామె ముంగట అనకు." నా చేతి మీద ఆమె గోళ్లు దిగిన గుర్తులు చాలాసేపు ఉన్నాయి. నేను అనలేదు. నా జన్మలో నోరు మూసుకున్నందుకు గర్వపడ్డది ఆ ఒక్కసారే.

అయిదో రోజు మస్కట్‌లో ఓడ ఆగింది. చిన్న పడవలు వచ్చి దిగేవాళ్లను తీసుకుపోయాయి. ముసలామె అవ్వ రెండు చేతులు పట్టుకుని, తిరుగు ప్రయాణంలో కూడా కిందనే అడుగుతానన్నది. "అడుగు, అడుగు," అన్నది అవ్వ. పడవ దూరమై, అందులోని మనుషుల ముఖాలు తెలియకుండా పోయేదాకా కమ్మీ పట్టుకుని చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పైన జాగలు ఖాళీ అయినయా?"

"అయినయి."

"మరి నిలవడి చూస్తవేంది? బిస్తర్ ఎత్తు."

బహ్రెయిన్‌కు సమయానికే చేరాం. వారం తర్వాత మేనకోడలు అవ్వ చేతుల్లోకే పుట్టింది. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. నేను ఒక్కణ్నే చూసింది మాత్రం మస్కట్ దాటిన ఆ సాయంత్రం, పైఅంతస్తులో. గాలికి కొంగు చెవుల మీదుగా బిగించి అవ్వ మొదటిసారి సముద్రాన్ని తీరికగా చూసింది. నాలుగు వైపులా గట్టన్నది లేదు.

"గిన్ని నీళ్లు దాటిందారా మన పిల్ల?" అన్నది చివరికి. "ఒక్కతే?"

"ఒక్కతే. ఆడోళ్ల వరుసల, కిందనే."

అవ్వ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. "ఎవలి బిడ్డ మరి," అన్నది నన్ను కాదు, నీళ్లను చూస్తూ.